కారుకి బిగించిన గడప

దయ్యాలు లేవని నేను ఊరికే అనేసుకున్నవాణ్ణి కాదు. చదివి తేల్చుకున్నవాణ్ణి. పదో తరగతితో బడి ఆగిపోయింది గానీ, మా ఊరి శాఖా గ్రంథాలయంలో నా చెయ్యి పడని బీరువా లేదు. పాత ఇళ్ళలో చప్పుళ్ళు ఎందుకు వస్తాయో, నిద్రలో గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఎందుకు ఉంటుందో అడగండి, మీరు చాలనేదాకా చెబుతాను. పాలకొల్లు రోడ్డులో నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. రొయ్యల చెరువుల వాళ్ళు మోటారు తెచ్చి, కాయిల్ చుట్టడం అయ్యేలోగా నా చేత ఇలాంటివి చెప్పించుకుని నవ్వుకుంటారు.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను. ఇందులో చీకటి లేదు, శ్మశానం లేదు. అంతా పట్టపగలు, మా వాకిట్లో, ఒక పాత కారు ఎడమ తలుపు దగ్గర జరిగింది.

ముందు మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ పేరు సుభద్రమ్మ. మామగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. భీమవరం దగ్గర ఒక ఊళ్ళో పెద్ద భూస్వామి కూతురు. ఆ ఊళ్ళో మొదట కారు కొన్నది ఆవిడ తండ్రే. పాత ఇంగ్లీషు కారు. డాష్‌బోర్డు, తలుపుల పై అంచులు చెక్కతో చేసినవి, అద్దంలా మెరిసేవట. తండ్రి నడుపుతుంటే ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చుని నరసాపురం కాలేజీకి వెళ్ళేవారు. ఆ కాలేజీలోనే మా మామగారు పరిచయమయ్యారు. ఆయనది వేరే కులం, గోదావరిలో వల వేసుకు బతికే ఇల్లు.

పెళ్ళి చేసుకుని దండలతో ఇంటికి వెళితే తండ్రి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. "మళ్ళీ ఈ గడప తొక్కావంటే నీ కాలు ఉండదు" అన్నారు. అంతే. తనకి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ గడపకి ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టింది ఈవిడే. తండ్రి పోయినప్పుడు కూడా ఎండలో వీధిలో నిలబడి, శవం బయటికి వచ్చాక చూసి, వెనక్కి వచ్చేశారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఈవిడా వెళ్ళలేదు.

అత్తగారిది మెత్తని నోరు కాదు. "అల్లుడుగారూ, అన్ని పుస్తకాలు చదివారు కదా, కుళాయి కట్టెయ్యాలని ఏ పుస్తకంలోనూ రాయలేదాండీ?" అంటారు. అండి పెట్టకుండా మాత్రం ఎప్పుడూ తిట్టరు.

ఆవిడకి గుండెలో కవాటం పాడైంది. రాజమండ్రిలో డాక్టర్లు ఆపరేషన్ తప్పదన్నారు. ఆవిడ ససేమిరా అన్నారు. కాళ్ళు వాచిపోతున్నా, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం వస్తున్నా, "నాకు బానే ఉంది" అనేవారు. మా ఆవిడ పద్మ ఏడ్చి అలిగి, చివరికి తిండి మానేసినా లాభం లేకపోయింది.

అదే సమయంలో ఆ పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసింది. అత్తగారి అన్నగారు కూడా లేరు. ఆయన కొడుకు రాంబాబు, అంటే పద్మకి బావ, అక్కడ అపార్టుమెంట్లు కడుతున్నాడు. పెరటి షెడ్డులో ఆ కారు ఇంకా ఉందని అత్తగారు విన్నారు. పద్మని పిలిచి, "ఆ కారులో, ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళితే ఆపరేషన్‌కి వస్తాను. లేదంటే ఇక్కడే పోతాను" అన్నారు.

అలా ఆ కారు మా వాకిట్లోకి వచ్చింది. షెడ్డు ఖాళీ చెయ్యాలి కాబట్టి రాంబాబు ఇచ్చేశాడు. ఇంజను పని నాకు తెలిసిన మెకానిక్ చూసుకున్నాడు. లోపలి చెక్కపని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చెక్క పాలిష్ మీద లైబ్రరీలో దొరికిన పుస్తకం రెండుసార్లు చదివి ఉన్నాను. ఇన్నాళ్ళ చదువుకి అదొక పరీక్ష అనిపించింది.

పాత వార్నీషు గీకేశాను. ఉప్పు కాగితంతో, మొదట గరుకుది, తరవాత నున్నటిది, చెక్క నరాల వెంబడే రుద్దాను. అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి, పాలిష్ ఎక్కాక అవే ముందు కనిపిస్తాయి. లక్కని స్పిరిట్‌లో కరిగించి, దూదిని పాత పంచె గుడ్డలో చుట్టి, పలచగా పూత మీద పూత. వానాకాలం కాబట్టి ఎండ కాసిన పూటే పని. గాలిలో తేమ ఉంటే పాలిష్ పాలలా తెల్లబడుతుంది. డాష్‌బోర్డు మీద నా మొహం కనిపించిన రోజు షాపుకి కూడా వెళ్ళలేదు.

ఒక్క ముక్కతోనే చిక్కు వచ్చింది. ముందు ఎడమ తలుపుకి అద్దం కింద ఉండే చెక్క పట్టీని చెదలు తినేశాయి. తక్కిన మూడు తలుపుల చెక్కా నిక్షేపంగా ఉంది, అదొక్కటే పొడి అయిపోయింది. కొత్త టేకు వేస్తే రంగు కలవదు. అంత వయసున్న చెక్కే కావాలి.

పడగొడుతున్న ఇంటికి వెళ్ళాను. కలపంతా లారీలకి ఎక్కించేశారు. సింహద్వారం గడప ఒక్కటే ఇటుకల కుప్ప మీద విడిగా పడి ఉంది.

"తీసుకుపోండి లైబ్రరీ గారూ" అన్నాడు రాంబాబు. నన్ను అలాగే పిలుస్తాడు. "ఎవడూ లారీలో వెయ్యనంటున్నాడు. గడపని అమ్మకూడదంట, కాల్చకూడదంట, గోదాట్లో కలపాలంట. నాకంత ఖాళీ ఎక్కడిది?"

కారు పని ఎంతదాకా వచ్చిందో చెప్పాను. వాడు నవ్వలేదు.

"మా అత్త కోసమేనా ఈ హడావిడంతా? మా తాత బతికుంటే ఆ కారుని కాలవలోకి తోసేవాడు గానీ, ఆవిణ్ణి ఎక్కనిచ్చేవాడు కాదు."

ఆవిడ పుట్టింటి చెక్క ఆవిడ కూర్చునే తలుపుకే పెడుతున్నానని నేను మురిసిపోయాను. ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని, పద్మకి కూడా చెప్పకుండా దాచాను. కోత మిల్లులో చీల్పించి, పట్టీ ఆకారానికి నేనే చెక్కుకున్నాను.

రుద్దుతుంటే పొడి పచ్చగా రాలింది. వాకిలంతా పసుపు వాసన. సోడా కలిపిన నీళ్ళతో తుడిస్తే ఆ చెక్క ఒక్కసారిగా ఎర్రబడింది. అటుగా వచ్చిన పద్మ చెంబు జారవిడిచింది. నేను నవ్వి, ఎప్పుడో పసుపు తగిలిన చెక్క అయ్యుంటుందని, పసుపుకి సున్నం తగిలితే పారాణి ఎర్రబడినట్టే సోడాకి కూడా ఎర్రబడుతుందని వివరంగా చెప్పాను. "మీకు తెలియంది ఏముంది లెండి" అని చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

ఒక సంగతి ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. ఆ పట్టీ అద్దం కింద స్క్రూలతో బిగించే అలంకారం మాత్రమే. తలుపు లాక్‌కీ, హ్యాండిల్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. తలుపు ఇనుముది, లాక్ లోపల ఉంటుంది. ఆ లాక్ నేనే విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించాను.

కారు సిద్ధమైంది. పద్మ ఎక్కింది, మెకానిక్ ఎక్కాడు, పక్కింటి పిల్లలు ఎక్కి దిగి మళ్ళీ ఎక్కారు. ఎడమ తలుపు వేలితో లాగితే తెరుచుకుంటోంది. అత్తగారు కొత్త చీర కట్టుకుని వచ్చారు. ఆ మెరుపు చూసి కళ్ళు తుడుచుకున్నారు. హ్యాండిల్ పట్టుకుని లాగారు.

రాలేదు.

"తేమకి బిగుసుకుంది అత్తయ్యగారూ" అని నేను లాగితే వచ్చేసింది. మూసి, మళ్ళీ ఆవిణ్ణి లాగమన్నాను. రాలేదు. పద్మ లాగింది, వచ్చింది. అత్తగారు లాగారు, రాలేదు. ఆవిడ చేతిలో బలం లేదనుకున్నాం. సరే, నేనే తెరిచి పట్టుకున్నాను. ఆవిడ ఒక చెయ్యి పట్టీ మీద ఆనించి కాలు ఎత్తబోయారు. ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడ్డారు. "ఎవరో రొమ్ము మీద చెయ్యి పెట్టి నెట్టినట్టుందే" అని పద్మతో అన్నారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అలా అనిపించడం సహజమేనని నేను అన్నాను.

ఆవిడ చెయ్యి ఆనిన చోట పాలిష్ తెల్లబడింది. అరచెయ్యి, వేళ్ళతో సహా. చెమట వల్ల అనుకుని స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పూత వేశాను. అప్పుడు నా చెయ్యి, పద్మ చెయ్యి, మెకానిక్ చెయ్యి తడిపి మరీ ఆనించి చూశాను. మాకు ఏ మచ్చా రాలేదు.

తలుపు అంచులు సరిచేశాను. బిజాగరీలు మార్చాను. రబ్బరు తీసేశాను. ఆవిడ లాగుతుండగా పద్మ ఫోన్‌లో వీడియో తీసింది. అది ఇప్పటికీ ఉంది. చూసినవాళ్ళకి ఒక ముసలావిడ తలుపు లాగలేకపోవడం తప్ప ఏమీ కనిపించదు. నాకూ అంతకన్నా ఏమీ కనిపించలేదు.

వెనక సీట్లో కూర్చోమన్నాం. వెనక తలుపు ఆవిడకి మామూలుగానే తెరుచుకుంది. "వెనక వెయ్యడానికి నేనేమన్నా ధాన్యం బస్తానాండీ?" అన్నారు. ముందు సీటు ఒకే పొడుగు సీటు కాబట్టి, నా వైపు నుంచి ఎక్కి జరగమన్నాను. "నా తండ్రి కారులోకి నేను దొడ్డిదారిన రాను" అన్నారు.

ఆస్పత్రిలో చేరాల్సిన రోజు వచ్చింది. మధ్యాహ్నం, గాలి లేదు, చెట్టు ఆకు కదలడం లేదు. వాకిలి సిమెంటు నేల, చదునుగా ఉంటుంది. నేను తలుపు పూర్తిగా తెరిచి, ఇక కదలదనుకున్నాక వదిలి, ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆవిడ కుడికాలు లోపల పెట్టారు. తలుపు వచ్చి ఆవిడ మోకాలి కింద కొట్టింది.

ఊగి తగలడం కాదు. ఇంట్లోకి దూరబోతున్న వాళ్ళ మీద లోపలి మనిషి తలుపు విసిరినట్టు కొట్టింది. నేను లాగితే రాలేదు. కాలు మధ్యలో ఉండగా ఇంకా నొక్కుకుంటోంది. భుజం ఆనించి, కాలితో కారుని తన్నిపెట్టి లాగితే అప్పుడు వదిలింది.

ఆవిడ వాడే మందులకి రక్తం తొందరగా ఆగదు. చీర అంచంతా తడిసిపోయింది. ఆటోలో దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించాం. పుండు మానేదాకా ఆపరేషన్ చెయ్యరట. గుండె అంతవరకు తట్టుకుంటుందో లేదో తాము చెప్పలేమన్నారు రాజమండ్రి డాక్టరు. పద్మ నన్ను ఆస్పత్రి వరండాలో నిలబెట్టి, "ఆ చెక్క ఎక్కడిది? నిజం చెప్పండి" అని అడిగింది. నేను చెప్పాను. వినగానే వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పటికీ నేను లాక్ స్ప్రింగు గురించే ఆలోచిస్తున్నాను.

పుండు మానేసరికి ఆవిడ సగమయ్యారు. పడుకుంటే ఊపిరాడక దిండ్లకి ఆనుకునే ఉండేవారు. అంబులెన్సు పిలుస్తానంటే మొహం తిప్పేసుకున్నారు. ఇక దాచి లాభం లేదని ఆవిడ మంచం పక్కన కూర్చుని గడప సంగతి చెప్పాను. మామూలుగా అయితే నన్ను దులిపేసేవారు. ఆ రోజు తన కాళ్ళ వైపు చూసుకున్నారు.

"అదా సంగతి. మా నాన్న మాట తప్పే మనిషి కాదండీ" అన్నారు. "విప్పి తీసుకురండి."

పట్టీ విప్పి తెచ్చాను. వాకిట్లో ముగ్గు మీద పెట్టమన్నారు. నా భుజం, పద్మ భుజం పట్టుకుని నడిచి వచ్చారు. ఏం చెయ్యబోతున్నారో పద్మకి ముందు అర్థమైంది.

"అమ్మా, వద్దమ్మా! గడప తొక్కకూడదే!"

"ఆయనా అదేగా అన్నాడు" అన్నారు ఆవిడ.

రెండు కాళ్ళూ ఎత్తి ఆ చెక్క మీద పెట్టి నిలబడ్డారు. కుట్ల మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. నా భుజం మీద ఆవిడ వేళ్ళు బలంగా దిగాయి. కిందికి చూస్తూ, పేచీకి వచ్చిన మనిషితో మాట్లాడినట్టు, మెల్లగా అన్నారు: "నీకు శుక్రవారం శుక్రవారం పసుపు రాసింది ఎవరు? ఆయనా, నేనా? నేను లేని ఇన్నేళ్ళూ ఎవరు రాశారు? చెప్పు."

ఏమీ జరగలేదు. చెక్క విరగలేదు, కాకి కూడా అరవలేదు. ఆవిడ దిగి, పద్మ చేత పసుపు తెప్పించి, వంగలేక పీట మీద కూర్చుని, ఆ పట్టీ పొడుగునా రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. ఇన్నాళ్ళ నా పాలిష్ మీద. నా ప్రాణం ఉసూరుమంది. నోరెత్తే ధైర్యం మాత్రం లేదు.

"బిగించండి" అన్నారు.

"మళ్ళీ దాన్నేనా అత్తయ్యగారూ? కొత్త చెక్క పెడతాను..."

"గడప లేని తలుపు ఎక్కడైనా ఉంటుందాండీ?"

బిగించాను. తలుపు మూశాను. హ్యాండిల్ లాగి, గట్టిగా పడిందని చూసుకుని, కారు చుట్టూ తిరిగి నా వైపు వెళ్ళాను. పద్మ ఇంటి తాళం వేస్తోంది. కారు అద్దంలోంచి అత్తగారు నాకు ఎదురుగా కనిపిస్తున్నారు. ఒక చెయ్యి కర్ర మీద ఉంది, రెండో చెయ్యి కొంగు సర్దుకుంటోంది. ఆ తలుపు తెరుచుకుంది. అందరికీ తెరుచుకున్నట్టే, చిన్న టిక్కుమనే శబ్దంతో, మనిషి పట్టేంత వెడల్పుగా, ఆగింది.

ఆవిడ కుడికాలు పెట్టి ఎక్కి కూర్చున్నారు.  రాజమండ్రి బ్రిడ్జి మీద అద్దం దించి, మోచెయ్యి పట్టీ మీద ఆనించి గోదావరిని చూస్తూ కూర్చున్నారు. ఆస్పత్రిలో దిగాక నేను మొదట చూసింది ఆ పట్టీనే. పాలిష్ తెల్లబడలేదు.

ఆపరేషన్ అయింది. అదే సీట్లో ఇంటికి వచ్చారు.

ఇక్కడితో ఆగితే, ఆవిడ మనసు కుదుటపడింది, చేతికి బలం వచ్చింది, నేను లాక్ సరిగ్గా మూయలేదు అని సర్దిచెప్పుకుని ఉండేవాణ్ణి. నిజానికి చాలారోజులు అలాగే చెప్పుకున్నాను.

చలికాలంలో రాంబాబు వచ్చాడు. కారు తయారైందని ఎవరో చెప్పారట. పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పితే బాగుంటుందని, ఎంతైనా తన తాత కారని, కాగితాలు తన దగ్గరే ఉన్నాయని మొదలుపెట్టాడు. అత్తగారు అరుగు మీద గోంగూర ఒలుస్తున్నారు. వాడు ఆవిణ్ణి పలకరించలేదు.

"ఒక రౌండు వేద్దాం రండి లైబ్రరీ గారూ" అని ఎడమ తలుపు లాగాడు. రాలేదు. "లాక్ వేశారేంటి?"

వెయ్యలేదు. పద్మ వచ్చి తెరిచింది. వాడు ఎక్కడానికి పట్టీ అంచు పట్టుకున్నాడు. నేను ఆ తలుపుకి దగ్గర్లోనే ఉన్నాను, నా కళ్ళతో చూశాను. ఎవరూ ముట్టుకోలేదు, తలుపు దానంతటదే వచ్చి వాడి వేళ్ళ మీద మూసుకుంది. వాడి కేక వీధి చివరిదాకా వినిపించింది. చెయ్యి బయటికి తీసేసరికి వేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి, చూపుడువేలు వంకరపోయింది. కారుని కాలితో తన్ని, మమ్మల్నందరినీ తిట్టి వెళ్ళిపోయాడు. కాగితాల మాట మళ్ళీ ఎత్తలేదు.

అత్తగారు గోంగూర మీంచి తల ఎత్తలేదు. "దెబ్బ గట్టిగా తగిలిందా నాయనా?" అన్నారు, వాడు గేటు దాటుతుండగా. "పాత కారు కదా. ఇంటి మనుషులెవరో గుర్తుపట్టాలి."

ఆ సాయంత్రం నేను లాక్ మళ్ళీ విప్పాను. పుస్తకాలు తిరగేశాను. ఇనుము, స్ప్రింగులు, తేమ, చెక్క ఉబ్బడం, అన్నీ చూశాను. దొరికిన ప్రతి కారణమూ అందరికీ వర్తిస్తుంది. ఒక్క మనిషిని ఎంచుకునే కారణం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ మధ్య ఆవిడ మందులు వేసుకోవడం మానేశారని నేను కాస్త గొంతు పెంచాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున షాపు సామాను ముందు సీట్లో పెడదామని వెళ్ళి ఎడమ తలుపు లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. చెయ్యి అంతటితో తీసేసి, లోపలికి వెళ్ళి, కాఫీ గ్లాసు ఆవిడ ముందు పెట్టి, "నిన్న పొరపాటైంది అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ ఒక గుక్క తాగి, మాత్ర వేసుకుని, "వెళ్ళి రండి" అన్నారు. వెళ్ళి లాగితే వచ్చింది.

ఆ చెక్కలో ఉన్నది ఇంకా ఆ పెద్దాయన కోపమేనా, ఆయన్ని గెంటేసి ఈవిడ కోపం వచ్చి చేరిందా, రెండూ కాక నా చేతికి అందని మరేదైనా చిన్న స్ప్రింగు ఉందా, నాకు తెలియదు. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కానీ ప్రతి శుక్రవారం అత్తగారు పసుపు గిన్నెతో కారు దగ్గరికి వెళితే నా పాలిష్ పాడవుతుందని ఒక్కసారి కూడా అనలేదు. పొద్దున్నే షాపుకి బయలుదేరేటప్పుడు ముందు అరుగు వైపు చూసి, ఆవిడ మొహం ఎలా ఉందో కనుక్కున్నాకే ఆ తలుపు మీద చెయ్యి వేస్తాను.